అద్దాల బీరువాలో ఆట



పాత వైకుంఠపాళి పటం ఒకటి మ్యూజియం గోడకి తగిలించారనుకోండి. అద్దం బిగించారు. కింద చిన్న చీటీ అంటించారు. ఏ కాలంనాటిది, ఏ కాగితం, ఎన్ని అంగుళాలు, అన్నీ అందులో ఉన్నాయి. పాములు కనపడుతున్నాయి. నిచ్చెనలు కనపడుతున్నాయి. మీరు ఒక్క నిమిషం చూస్తారు, ముందుకి నడుస్తారు. కానీ ఎప్పుడైనా ఆ పటం ముందు కూర్చుని గవ్వలు వేసినవాళ్లకి అక్కడ ఏదో తక్కువైందని తెలిసిపోతుంది. ఇంకో నాలుగు గళ్లు దాటితే పరమపదం. గవ్వలు పడ్డాయి. చింతపిక్క జరిపారు. సరిగ్గా పెద్దపాము నోట్లో పడ్డారు. మళ్లీ కింది వరసకి వచ్చేశారు. ఎదురుగా కూర్చున్న తమ్ముడు పడీపడీ నవ్వుతున్నాడు. మీకు ఒళ్లు మండిపోతోంది. అయినా “ఇంకొక్క ఆట” అంటారు. ఇదంతా కలిస్తే వైకుంఠపాళి. గోడ మీద ఉన్నది పటం మాత్రమే.

వీడియోగేములకి మ్యూజియంలో ప్రదర్శన పెట్టబోయినవాళ్లకి ఎదురైంది సరిగ్గా ఈ చిక్కే. ఇవాళ మన ప్రసంగం దాని గురించి.

“పిల్లలు చదువు మానేసి ఆడుకునేదానికి మ్యూజియం కూడానా?” అని మీ ఇంట్లో ఎవరైనా అనొచ్చు. అనేవాళ్లు అంటూనే ఉన్నారు, పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. లండన్‌లోని బార్బికన్ సెంటర్ 2002లోనే ‘గేమ్ ఆన్’ పేరుతో పెద్ద ప్రదర్శన పెట్టింది. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం 2012లో పెట్టింది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌ని అందరూ మోమా అంటారు. అది అదే 2012లో 14 ఆటల్ని ఒకేసారి తన సేకరణలో చేర్చుకుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2018 సెప్టెంబరు నుంచి 2019 ఫిబ్రవరి దాకా, ఇంచుమించు ఆరు నెలలు, వీడియోగేముల డిజైన్ మీదే ప్రదర్శన నడిపింది. వీ అండ్ ఏ అని పిలుచుకునే ఈ మ్యూజియంలో మన దేశపు నేతబట్టలుంటాయి. టిప్పు సుల్తాన్ పులిబొమ్మ ఉంటుంది. అలాంటి చోట ప్లేస్టేషన్ ఆటకి గది దొరికింది.

ఇవాళ మీకు చెప్పబోయేది ఒకే ఒక్క సంగతి. మధ్యమధ్యలో మళ్లీ చెబుతాను, ఏమనుకోకండి. ఆటను చూపించాలంటే డబ్బా చూపిస్తే చాలదు. ఆ ఆట మనిషి చేత ఏం చేయిస్తోందో చూపించాలి. అలా చేయించాలని ఎవరు నిర్ణయించారు, ఎందుకు నిర్ణయించారు? అది కూడా చూపించాలి.

ముందు ఒక తగాదా ముచ్చట తేల్చేద్దాం. వీడియోగేమ్ కళ అవునా, కాదా? మోమా ఆ 14 ఆటల్నీ తీసుకున్నప్పుడు పెద్ద గొడవే అయింది. పికాసో, వాన్ గో బొమ్మలున్న చోట ప్యాక్‌మ్యాన్ ఏంటి అని లండన్ పత్రికల్లో విమర్శకులు మండిపడ్డారు. మోమాలో ఆ పని చేసిన క్యూరేటర్ పేరు పావోలా ఆంటొనెల్లి. ఆవిడ ఆ ఆటల్ని చిత్రకళా విభాగంలో పెట్టలేదు. కుర్చీలు, దీపాలు, అక్షరాల అచ్చులు ఉండే డిజైన్ విభాగంలో పెట్టారు. అంతకు రెండేళ్ల ముందు ఈమెయిల్ అడ్రసులో వాడే ‘ఎట్’ గుర్తుని కూడా సేకరణలోకి తెచ్చింది ఆవిడే. కళ అవునా కాదా అని కొట్టుకోవడం మానేసి, ఇది ఎలా తయారైంది, మనిషితో ఎలా పనిచేయిస్తోంది అని అడగడం మొదలుపెట్టారు. నాకైతే ఇదే సరైన దారి అనిపిస్తుంది. కళ అనే బిరుదు ఇచ్చినంత మాత్రాన ఆట మెరుగవదు. ఇవ్వకపోతే తగ్గిపోదు.

సరే, చేయించడం అంటున్నాను కదా. అదెలా ఉంటుందో ఒక్క ఆటని దగ్గరగా చూద్దాం.

‘జర్నీ’ అని ఒక ఆట ఉంది. 2012లో వచ్చింది. జెనోవా చెన్ అనే డిజైనర్ తన చిన్న బృందంతో కాలిఫోర్నియాలో తయారుచేశారు. వీ అండ్ ఏ ప్రదర్శనలో దీనికి మంచి చోటే ఇచ్చారు. ఆటలో మీరు ఒక పొడుగు అంగీ వేసుకున్న మనిషి. మెడకి ఒక కండువా. చుట్టూ ఎడారి. ఎక్కడో దూరాన ఒక కొండ, దాని కొసన వెలుగు. అటు నడవాలి. అంతే. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. కొంతదూరం పోయాక ఇసుకలో ఇంకొక మనిషి కనపడతాడు. అది కంప్యూటర్ బొమ్మ కాదు. ప్రపంచంలో ఎక్కడో తన ఇంట్లో కూర్చుని ఆడుతున్న నిజం మనిషి. పేరు తెలియదు. ఊరు తెలియదు. మాట్లాడుకోవడానికి వీల్లేదు. ఒక బటన్ నొక్కితే చిన్న కూతలాంటి శబ్దం వస్తుంది. అంతకుమించి భాష లేదు.

ఇప్పుడు అసలు కథ వినండి. ఆట ఇంకా తయారీలో ఉన్నప్పుడు ఇద్దరు ఆటగాళ్లు ఒకరినొకరు తోసుకోగలిగేవారు. డిజైనర్ల ఉద్దేశం మంచిదే. ఒకరికొకరు ఊతమిచ్చి రాళ్లెక్కిస్తారనుకున్నారు. తీరా కొంతమందిని పిలిచి ఆడించి చూస్తే ఏమైందో తెలుసా? ఒకరినొకరు గోతుల్లోకి తోసుకున్నారు. తోసి నవ్వుకున్నారు. చెన్‌కి మనసు విరిగినంత పనైంది. మనుషులు ఇంతేనా అనుకున్నారు. పిల్లల మనస్తత్వం చదివిన నిపుణురాలితో ఈ సంగతి మాట్లాడితే ఆవిడ ఒక మాట చెప్పారట. కొత్త లోకంలోకి వచ్చిన ఆటగాడు పసివాడితో సమానం. ఏ పని చేస్తే ఎక్కువ చప్పుడు, ఎక్కువ కదలిక వస్తుందో పసివాడు అదే చేస్తాడు. మంచీ చెడూ అతనికి తెలియదు. తోస్తే ఎదుటివాడు పడిపోతున్నాడు, పెద్ద తమాషా. అందుకని తోస్తున్నాడు.

అప్పుడు ఆ బృందం ఏం చేసిందంటే, తోపులాట తీసేసింది. ఇద్దరూ ఎదురైతే ఒకరి మీదుగా ఒకరు సాగిపోతారు, ఢీకొనరు. దానికి బదులు ఇంకొకటి పెట్టింది. ఇద్దరూ దగ్గరికొచ్చి తాకితే కండువాలు మెరుస్తాయి. ఎగిరే శక్తి వస్తుంది. ఇద్దరికీ వస్తుంది. ఇక చూడండి. అదే మనుషులు, అదే ఎడారి. ఒకరికోసం ఒకరు ఆగడం మొదలుపెట్టారు. మంచుతుపానులో చలికి శక్తి తగ్గిపోతుంటే ఒకరినొకరు ఆనుకుని నడిచారు. ఎవరితో నడిచారో ఆట అయ్యాక, పేర్లు పడేటప్పుడు గానీ తెలియదు.

మనుషులు మారలేదు. నియమం మారింది. ఇది డిజైన్.

దీన్ని మ్యూజియంలో ఎలా చూపిస్తారు? జర్నీ ఆడే ప్లేస్టేషన్ డబ్బాని అద్దంలో పెడితే ఇందులో ఒక్క ముక్క కూడా కనపడదు. వీ అండ్ ఏ వాళ్లు చెన్ రాసుకున్న నోటుపుస్తకాలు పెట్టారు. ఎడారి గీతల చిత్తుబొమ్మలు పెట్టారు. ఇసుక ఎలా జారుతుంది, కాలు ఎలా దిగబడుతుంది అని చూడ్డానికి ఆ బృందం కాలిఫోర్నియా ఇసుకతిన్నెలకి వెళ్లింది. ఆ ప్రయాణపు దృశ్యాలు పెట్టారు. తెర మీద ఎడారి ఒకవైపు. ఆ ఎడారి కోసం పడ్డ తంటా ఇంకోవైపు. చూసేవాడికి అర్థమవుతుంది. ఇదేదో యంత్రం దానంతటదే కక్కిన బొమ్మ కాదు, ఎవరో కూర్చుని తుడిచి, మళ్లీ గీసి, నచ్చక కొట్టేసి, చివరికి ఒకటి ఉంచారని.

చిత్తుప్రతి విలువ తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ వీడియోగేముల విషయంలో చిత్తుప్రతులు దాచినవాళ్లు చాలా తక్కువ. ఆట అమ్మకానికి వచ్చేసరికి పాత ఫైళ్లు చెరిపేస్తారు. ఆఫీసు మారేటప్పుడు కాగితాలు పారేస్తారు. అందుకే ఒక డిజైనర్ నోటుపుస్తకం దొరికితే మ్యూజియంవాళ్లకి పండగ.

ఇక రెండో చిక్కు. కాలం. బొమ్మ ముందు అరనిమిషం నిలబడినా ఏదో ఒకటి చూసినట్టే. సినిమా రెండున్నర గంటలు. మరి ఆట? కొన్ని ఆటలు పూర్తి చేయడానికి నలభై, యాభై గంటలు పడుతుంది. మ్యూజియంకి వచ్చినవాడికి ఉండేది గంటన్నర. వెనకాల వరసలో ఇంకో ఇరవైమంది. ఎలా?

స్మిత్సోనియన్‌వాళ్లు 2012లో ఒక పద్ధతి పట్టారు. ప్రదర్శనలో ఏ ఆటలుండాలో జనాన్నే అడిగారు. 240 ఆటల పేర్లు ఇచ్చి ఓట్లేయమన్నారు. 175 దేశాల నుంచి 37 లక్షలకి పైగా ఓట్లు పడ్డాయి. 80 ఆటలు తేలాయి. కానీ ఆ 80లో చేత్తో ఆడుకోవడానికి పెట్టింది అయిదే. ప్యాక్‌మ్యాన్, సూపర్ మారియో బ్రదర్స్, మంకీ ఐలండ్, మిస్ట్, ఫ్లవర్. మిగతావన్నీ తెరల మీద చూపించారు. చూసి తృప్తిపడ్డవాళ్లున్నారు. ఇంత దూరం వచ్చి చేతులు కట్టుకుని చూడటమేనా అన్నవాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్ల పక్షం. అయితే నిర్వాహకుల ఇబ్బంది కూడా తెలుసు. చేతికిచ్చిన కంట్రోలర్లు రోజుకి కొన్ని వందలమంది నొక్కుతారు. బటన్లు అరిగిపోతాయి. తీగలు తెగిపోతాయి. ఒక పిల్లవాడు వదలనంటాడు. వాళ్ల నాన్న పక్కన నిలబడి గడియారం చూసుకుంటుంటాడు.

మ్యూజియానికి సరిగ్గా సరిపోయే ఆట ఒకటి ఉంది. మోమా తీసుకున్న 14లో అదొకటి. పేరు ‘ప్యాసేజ్’. జేసన్ రోరర్ అనే ఆయన 2007లో ఒక్కడే కూర్చుని చేశాడు. ఆట మొత్తం అయిదు నిమిషాలు. తెర కూడా చిత్రంగా ఉంటుంది. పొడుగ్గా, సన్నగా, ఒక పట్టీలాగా. 100 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు. అందులో ఒక చిన్న మనిషి ఎడమచివర నిలబడి ఉంటాడు. మీరు అతన్ని కుడివైపు నడిపిస్తారు. కొంచెం ముందుకి వెళ్తే ఒక స్త్రీ కనపడుతుంది. ఆమెని తాకితే ఇద్దరూ జంటవుతారు. ఇక అక్కణ్నుంచి ఇద్దరూ కలిసే నడుస్తారు. కిందివైపు ఇరుకు సందులు, వాటిలో నిధిపెట్టెలు. ఒక్కడే ఉంటే సందుల్లో దూరొచ్చు. జంటగా ఉంటే పట్టరు. నిధి కావాలా, తోడు కావాలా అని ఆట మిమ్మల్ని నోరు విప్పి అడగదు. దారి ఇరుకు చేస్తుంది, అంతే.

నడుస్తూ ఉంటే ఇద్దరి రంగూ మారుతూ వస్తుంది. జుట్టు నెరుస్తుంది. నడుము వంగుతుంది. మొదట్లో తెరకి ఎడమవైపు ఉన్న మనిషి నెమ్మదిగా కుడివైపుకి జరుగుతుంటాడు. అంటే మొదట్లో ముందున్న దారంతా కనపడుతుంది, మసకమసగ్గా. చివర్లో వెనకదారి మాత్రమే కనపడుతుంది. ఒకచోట ఉన్నట్టుండి ఆమె సమాధిరాయి అయిపోతుంది. అతని నడక మందగిస్తుంది. ఇంకాసేపటికి అతనూ అంతే. అయిదు నిమిషాలయ్యాయి. ఆట అయిపోయింది.

ఒక్క మాట లేదు ఇందులో. ఒక్క సంభాషణ లేదు. సందు వెడల్పు ఎంత ఉండాలి, మనిషి తెర మీద ఎక్కడ నిలబడాలి అనే రెండు నిర్ణయాలు ఇంత పని చేశాయి. ఇందాక చెప్పిందే మళ్లీ చెబుతున్నాను. ఆట మన చేత ఏం చేయిస్తోందో చూస్తే, దాన్ని చేసినవాడు ఏం ఆలోచించాడో పట్టుబడుతుంది.

ఇంకో రకం ఆటలున్నాయి. వాటికి మొదలూ చివరా లేవు. వేలమంది ఒకేసారి ఆడతారు. ‘ఈవ్ ఆన్‌లైన్’ అలాంటిది. ఐస్‌లాండ్ కంపెనీ 2003లో మొదలుపెట్టింది. అంతరిక్షంలో వ్యాపారాలు, పొత్తులు, వెన్నుపోట్లు, యుద్ధాలు. అన్నీ ఆటగాళ్లు చేసుకున్నవే. మోమా దీన్ని తీసుకుంది. కానీ గదిలో ఒక కంప్యూటర్ పెట్టి ఆడమంటే కొత్తవాడికి అయిదు నిమిషాల్లో ఏం అర్థమవుతుంది? అందుకని ఒక పని చేశారు. ఒకరోజు ఆ ఆటలో ఏమేం జరిగిందో ఆటగాళ్లే రికార్డు చేసి పంపారు. వాటిని కలిపి ఒక వీడియో చేసి గోడ మీద నడిపించారు. అలా ఆట ఆడేవాళ్ల జీవితమే ప్రదర్శన వస్తువైంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మనకి పనికొస్తుంది.

అన్ని మ్యూజియంలూ ఇంత గంభీరంగా ఉండవు సుమా. బెర్లిన్‌లో కంప్యూటర్ ఆటలకే ఒక మ్యూజియం ఉంది. అక్కడ ‘పెయిన్‌స్టేషన్’ అనే బల్ల ఉంటుంది. 2001లో ఇద్దరు జర్మన్ కళాకారులు చేశారు. బంతిని అటూఇటూ కొట్టే పాత పాంగ్ ఆటే. కాకపోతే ఇద్దరు ఆటగాళ్లూ ఎడమచెయ్యి ఒక పలక మీద పెట్టి ఉంచాలి. బంతి వదిలేస్తే ఆ పలక వేడెక్కుతుంది. లేదా చిన్న షాక్ కొడుతుంది. లేదా చిన్న కొరడా తీగ చేతి మీద చురుక్కుమనిపిస్తుంది. ముందు చెయ్యి తీసినవాడు ఓడినట్టు. బంతి బాగా కొట్టడం కంటే నొప్పి ఓర్చుకోవడమే గెలుపు. ఒక్క నియమం కలిపితే పిల్లల ఆట పంతాల ఆట అయి కూర్చుంది. తూర్పు జర్మనీ 1980లలో సొంతంగా తయారుచేసుకున్న పాలీప్లే అనే ఆటయంత్రం కూడా ఆ మ్యూజియంలోనే ఉంది.

ఇక అసలు కష్టం. నిలబెట్టుకోవడం. రాతివిగ్రహం వెయ్యేళ్లుంటుంది. తాళపత్రం కొన్ని వందల ఏళ్లుంటుంది. వీడియోగేమ్ ముప్ఫై ఏళ్లకే మూలుగుతుంది.

మీలో నలభై దాటినవాళ్లకి ఒకటి గుర్తుండాలి. తొంభైలలో టీవీకి తగిలించే వీడియోగేమ్ డబ్బా. దాంతోపాటు ప్లాస్టిక్ తుపాకీ. తెర మీద బాతులు ఎగురుతుంటే టీవీకి గురిపెట్టి కాల్చేవాళ్లం. నిన్టెండో కంపెనీ ‘డక్ హంట్’ ఆట అది. ఆ తుపాకీని ఇవాళ మీ గోడ మీదున్న పల్చటి టీవీకి గురిపెట్టండి. ఒక్క బాతు చావదు. ఎందుకంటే ఆ తుపాకీ లోంచి ఏమీ బయటికి రాదు. తెర నుంచి వచ్చే వెలుతురునే అది చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం వెలుగుతుంది. తుపాకీ ఆ తెలుపుని చూసిందా, బాతు పడ్డట్టు. ఇదంతా పాత పిక్చర్‌ట్యూబ్ టీవీ వేగానికి తగ్గట్టు లెక్కవేసినది. కొత్త టీవీ బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. ఆ కాస్త ఆలస్యానికే లెక్క తప్పుతుంది. కాబట్టి మ్యూజియంవాళ్లు డక్ హంట్ ఆడించాలంటే ఆట దాస్తే సరిపోదు. పిక్చర్‌ట్యూబ్ టీవీలు కూడా దాయాలి. వాటిని బాగుచేసే మెకానిక్‌ని కూడా వెతుక్కోవాలి. మన ఊళ్లలో ఆ పని తెలిసినవాళ్లు సెల్‌ఫోన్ రిపేర్లకి మళ్లి చాలా కాలమైంది.

ఫోన్ ఆటల సంగతి ఇంకా ఘోరం. ‘ఫ్లాపీ బర్డ్’ గుర్తుందా? గొట్టాల మధ్య నుంచి పిట్టని ఎగిరించే ఆట. వియత్నాం కుర్రాడు చేశాడు. 2014 మొదట్లో ఎవరి ఫోన్‌లో చూసినా అదే. అదే ఏడాది ఫిబ్రవరిలో, జనం దానికి మరీ అలవాటు పడిపోతున్నారని చెప్పి, తనే స్టోర్ల నుంచి తీసేశాడు. ఆ ఆట ఉన్న పాత ఫోన్లని కొందరు విపరీతమైన ధరలకి అమ్మకానికి పెట్టారు. వీ అండ్ ఏ మ్యూజియం ఆ ఏడాదే ఫ్లాపీ బర్డ్‌ని తన సేకరణలో చేర్చుకుంది. వందేళ్లు ఆగి చూద్దాం అనుకుంటే దొరికేది కాదు మరి.

2023లో వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే అమెరికా సంస్థ లెక్క తీసింది. అక్కడ 2010కి ముందు వచ్చిన పాత ఆటల్లో 87 శాతం అప్పటికే బజార్లో దొరకడం లేదని తేలింది. నూటికి ఎనభై ఏడు. మళ్లీ ఆడాలంటే పాత డబ్బా వెతుక్కోవాలి, లేదా దొంగకాపీ దిగుమతి చేసుకోవాలి. ఇంటర్నెట్ సర్వర్ మీద నడిచే ఆటలైతే కంపెనీ స్విచ్ కట్టేసిన రోజే పోతాయి. ‘ది క్రూ’ అనే కార్ల ఆటని యూబీసాఫ్ట్ కంపెనీ 2024లో అలాగే ఆపేసింది. డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్ల దగ్గర డిస్కు ఉంది. ఆట లేదు.

దొంగకాపీ అన్నాను కాబట్టి ఒక మాట. మన దేశంలో తొంభైలలో వీడియోగేమ్ అంటే చాలా ఇళ్లలో అసలు నిన్టెండో కాదు. దాన్ని చూసి చేసిన నకలు డబ్బా. పసుపురంగు క్యాసెట్. మీద ‘9999 ఇన్ వన్’ అని అంకె. తీరా పెడితే పది పన్నెండు ఆటలే తిప్పి తిప్పి వచ్చేవి. మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి నోటితో ‘ఉఫ్’మని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. సెలవులొస్తే సందు చివర వీడియోగేమ్ పార్లర్. గంటకింత అని డబ్బులు. వెనకాల నిలబడి “అన్నా, దూకు, దూకు” అని అరిచే నలుగురు. ఇవేవీ లండన్ ప్రదర్శనలో ఉండవు. ఉండాల్సిన పనీ లేదు, అది వాళ్ల కథ. కానీ ఇది మన వీడియోగేమ్ సంస్కృతి. నకలు డబ్బా అయితే మాత్రం, దాని మీద ఆడిన బాల్యం నకలు కాదు కదా. ఇవాళ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి కంపెనీలకి హైదరాబాద్‌లో స్టూడియోలున్నాయి. దేశంలోని గేమ్ డెవలపర్ల పెద్ద సదస్సు చాలాసార్లు హైదరాబాద్‌లో జరిగింది. ఆ స్టూడియోల్లో పనిచేస్తున్నవాళ్లలో ఎంతమంది ఆ పసుపు క్యాసెట్ ఊదినవాళ్లో! ఆ కథ చెప్పే గది ఒక్కటి కూడా మన మ్యూజియంల్లో నాకు కనపడకపోవడం లోటుగానే అనిపిస్తుంది.

ఈ ప్రదర్శనల మీద నాకొక ఫిర్యాదు కూడా ఉంది. అందమైన ఆటల్ని ముందు పెడతారు. ఎడారి, పూలు, సంగీతం. వీ అండ్ ఏ వాళ్లు కొంత నయం. హింస, జాతి, స్త్రీల పాత్రలు, రాజకీయాలు వీటి గురించి ఆటగాళ్లూ డిజైనర్లూ పడే తగువుల కోసం ప్రదర్శనలో ఒక భాగమే కేటాయించారు. కానీ డబ్బు గుంజే డిజైన్‌ని ఇలా విప్పి చూపించే ప్రదర్శనలు రావాలి. రోజూ లాగిన్ అయితే బహుమతి. ఒకరోజు మానితే పోయింది. ఏముందో తెలియని పెట్టె, తెరవాలంటే యాభై రూపాయలు. లైఫులు అయిపోయాయి, అరగంట ఆగు, లేదా కొనుక్కో. ఇవి కూడా ఎవరో కూర్చుని వేసిన లెక్కలే. జర్నీలో కండువా మెరవడం ఎంత డిజైనో, ఈ పెట్టె మెరవడం అంతే డిజైన్. ఆన్‌లైన్ రమ్మీలాంటి డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. చట్టం ఆపగలదు. కానీ ఆ ఆట మనిషిని ఎలా లాగుతుందో విప్పి చూపించే పని మ్యూజియం చేయగలదు. ఆ బటన్ ఎందుకు అంత పెద్దది, వద్దనే బటన్ ఎందుకు అంత చిన్నది అని గోడ మీద పక్కపక్కన పెట్టి చూపిస్తే, పదో తరగతి పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

ఇక మీరు చేయగలిగిన పని. లండన్ వెళ్లక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు.

మీ ఇంట్లో ఆడేవాళ్లు ఎవరో ఒకరుంటారు. కొడుకో, కూతురో, మనవడో. లేదా పాత వీడియోగేమ్ డబ్బా అటక మీద ఉన్న మీరే. ఒక సాయంత్రం పది నిమిషాలు ఆ ఆటను రికార్డు చేయండి. మోమావాళ్లు ఈవ్ ఆన్‌లైన్‌కి చేసినట్టు. తెరని ఒక్కదాన్నే తీయకండి. ఆట బొమ్మ ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. మీ అమ్మాయి బొటనవేళ్లు దొరకవు. ఇంకో ఫోన్‌ని కాస్త పక్కగా పెట్టండి. చేతులు కనపడాలి, తెర కనపడాలి, వీలైతే ముఖం కూడా. మాటలు వినపడాలి. ఫ్యాన్ కట్టేస్తే ఇంకా మంచిది.

ఆడుతున్నప్పుడు మూడు సంగతులు అడగండి. ఇప్పుడు ఏం చేయాలనుకుంటున్నావు? ఆట నిన్ను ఏం చేయనివ్వడం లేదు? దీన్ని చేసినవాళ్లు అలా ఎందుకు పెట్టారనుకుంటున్నావు? మూడో ప్రశ్నకి మొదట్లో “ఏమో” అంటారు. వదలకండి, ఆ నియమం లేకపోతే ఏమవుతుందో చెప్పమనండి. అక్కడి నుంచి వాళ్లే మొదలుపెడతారు, ఆపడం మీ వల్ల కాదు. “ఆట ఆపు” అనడానికి వచ్చినవాళ్లు పక్కన కూర్చుని వినాల్సి రావచ్చు, దానికి సిద్ధపడే వెళ్లండి.

తర్వాత ఆ వీడియోకి ఒక పేరు పెట్టండి. ఆట పేరు, ఆడినవాళ్ల పేరు, తేదీ, ఏ ఫోన్ మీద లేదా ఏ డబ్బా మీద ఆడారో రాయండి. ఫోన్‌లోనే వదిలేస్తే ఫోన్‌తోపాటే పోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, ఇంట్లో ఇంకెవరి దగ్గరైనా ఇంకో కాపీ. అటక మీది డబ్బా దించితే దాని చార్జర్, తీగలు, కంట్రోలర్ అన్నీ ఒకే అట్టపెట్టెలో వేయండి. తీగ లేని డబ్బా ఎవరికీ పనికిరాదు. పాత రిమోట్లలో, బొమ్మల్లో బ్యాటరీలుంటే తీసేసి పెట్టండి. లేకపోతే కారి తుప్పు పట్టిస్తాయి.